పాండిచ్చేరిలో ఒక్కరోజే ఉంది, ఏం చూడాలి?

మాది హన్మకొండ. నలుగురు ఫ్రెండ్స్‌మి కాజీపేటలో రైలెక్కి చెన్నై, అక్కణ్నుంచి బస్సులో పాండిచ్చేరి వెళ్తున్నాం. ఒక్కరోజులో పక్కనున్న ఆరోవిల్ (దేశదేశాలవాళ్లు కలిసి ఉండే ఊరు) కూడా అవుతుందా?

జవాబు 1: తమ్మీ, ఆరోవిల్ వదిలెయ్. అక్కడి ధ్యానమందిరం మాతృమందిర్ లోపలికి ముందే బుక్ చేసుకోవాలి, హడావిడిలో రెండూ సరిగ్గా చూడలేరు. పొద్దున్నే వైట్ టౌన్‌లో (పాత ఫ్రెంచివాళ్ల పేట) నడవండి, పసుపు గోడలు, కాగితం పూలు, ఫ్రెంచ్‌లో వీధి పేర్లు, నాకైతే ఎంత తిరిగినా తనివి తీరలేదు. భారతి పార్కులో ఆయి మండపం తప్పక చూడండి. ఆయి అనే దేవదాసి తన ఇల్లు కూల్చి ఊరికోసం చెరువు తవ్వించిందని చెప్తారు, తర్వాత ఫ్రెంచివాళ్లు ఆమె గుర్తుగా ఈ మండపం కట్టారు. పాకాల, రామప్ప చెరువుల నీళ్లు చూస్తూ పెరిగిన మనకి ఆ కథ మనసుకి తగులుతుంది.

జవాబు 2: సాయంత్రం 6 తర్వాత బీచ్ రోడ్డులో బండ్లు రానివ్వరు, గాంధీ విగ్రహం దగ్గర కూర్చోండి. అక్కడంతా బండరాళ్లే, నీళ్లలోకి దిగొద్దు.

జవాబు 3: పాండిచ్చేరి మ్యూజియం సోమవారం మూస్తారు, రోజు చూసుకుని రైలు టికెట్ తీయండి.

అడిగినవారు: థాంక్స్ అన్నా, ఆరోవిల్ తీసేశాం. ఆదివారం వెళ్తున్నాం.