దేవరకొండ ఖిల్లా పైదాకా దారి ఎటు?

నల్లగొండ నుంచి పొద్దున్నే బయలుదేరి, దేవరకొండ ఖిల్లా మొత్తం ఎక్కి, చీకటి పడేలోపు తిరిగి రావాలని మా ప్లాన్. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు ఏలిన కోట, పైదాకా చూడాలని చాలా ఆశ.

మొన్న ఆదివారం ఏడింటికి ఎక్కడం మొదలుపెట్టాం. దర్వాజాల దాకా ఇబ్బంది లేదు. ఆ తర్వాత బాట సీతాఫలం పొదల్లో కలిసిపోయింది. గోడ పట్టుకుని పోతే నిలువు బండ అడ్డమొచ్చింది. దాని మీద ఎండిన పాచి పొట్టులా రాలుతోంది, బూటుకు పట్టు దొరకలేదు. ఎడమకు తిరిగితే అంతా ముళ్లకంప. ఫోన్ మ్యాప్‌లో అసలు బాటే లేదు. పదకొండుకల్లా బండలు కాలుతుంటే దిగొచ్చాం.

ఈసారి పన్నెండేళ్ల తమ్ముడు కూడా వస్తాడు, అదే టెన్షన్. పైదాకా ఎక్కినవాళ్లు చెప్పండి: దర్వాజాలు దాటాక గోడకు ఏ పక్క నుంచి పోవాలి?