'హరిజనవాడ' బోర్డు మార్చాలా, ఉంచాలా?

కృష్ణాతీరం: మా ఊరి మొదట్లో 'హరిజనవాడకు దారి' అని పంచాయతీ బోర్డు ఉంది. మార్చమని గ్రామసభలో అడిగితే, గాంధీగారు ఇచ్చిన పేరు, తప్పేముంది అన్నారు. మీరేమంటారు?

పాతతరం: తప్పేమీ లేదు. అంటరానివాళ్లని ఈసడించే రోజుల్లో ఆయన గౌరవంగా పిలిచారు, 1933లో తన పత్రికకే ఆ పేరు పెట్టుకున్నారు. చిన్నప్పటినుంచీ అదే అంటున్నాను, ఎవరూ బాధపడలేదు.

బెజవాడ కుర్రాడు: బాధపడినా మీ ముందు అంటారా సార్? స్కాలర్‌షిప్ కాగితాలు వచ్చినప్పుడల్లా మా టీచర్ "హరిజన పిల్లలు లేవండి" అనేవారు, క్లాసంతా మావైపు తిరిగేది. ఆ పేరు వద్దని అంబేడ్కర్ అప్పుడే అన్నారు, కుల ధ్రువపత్రాల్లో రాయొద్దని కేంద్రం 1982లోనే చెప్పింది. అసలు 1917లోనే బెజవాడ సభలో మా నాయకుడు భాగ్యరెడ్డివర్మ గారు, మమ్మల్ని అప్పట్లో పిలిచే 'పంచములు' కాదు, 'ఆది ఆంధ్రులు' అన్నారు. మా పేరు మేం పెట్టుకోగలం.

పాతతరం: గాంధీగారు మంచి మనసుతో అన్నారా లేదా? ముందు అది చెప్పండి.

సీమబిడ్డ: ఆయన మనసు సంగతి కాదండీ, పిలిపించుకునేవాళ్ల సంగతి.

డప్పు: హరిజన వద్దు, సరే. దాని బదులు 'దళితవాడ' అంటే నేనొప్పుకోను. 1994లో ఈదుమూడిలో మాదిగల వాటా కోసం దండోరా ఉద్యమం మొదలయ్యాక మావాళ్లు పేరు చివర మాదిగ అని రాసుకున్నారు. తిట్టుగా వాడిన మాటే తలెత్తుకుని రాసుకున్నాం.

బెజవాడ కుర్రాడు: అన్నా, 1985లో కారంచేడు ఊచకోత తర్వాత మాల, మాదిగ అందరం కలిసి నిలబడింది దళిత అన్న పేరు మీదే. దాన్ని చీల్చకండి.

డప్పు: కారంచేడులో ప్రాణాలు పోయింది మాదిగలవి తమ్ముడూ, ఉద్యమానికి పేరు మాత్రం అందరిదీ అయింది. ఉద్యోగాల్లో మా వాటా అడిగితేనే మీకు ఐక్యత గుర్తొస్తుంది. ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీ కోటాను కులాలవారీగా పంచడం, చెల్లుతుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న చెప్పినరోజు నువ్వు ఇక్కడే ఏం రాశావో నేను మర్చిపోలేదు.

బెజవాడ కుర్రాడు: వ్యతిరేకించాను, ఇప్పుడూ వ్యతిరేకిస్తాను. ముక్కలైతే మన మాట ఎవడు వింటాడు? మీకు కావాల్సింది పేరు కాదు, వాటా. ఆ మాటే సూటిగా అనండి.

డప్పు: అవును, వాటానే. పేరు లేకుండా వాటా ఎవరు లెక్కకడతారు?

పాతతరం: నా ప్రశ్నకు జవాబు రాలేదు.

డప్పు: కృష్ణాతీరం, ఆ వాడలో ఉండేది ఎవరు?

కృష్ణాతీరం: రెండు కులాలవాళ్లూ ఉన్నారన్నా. మాదిగల ఇళ్లు ఎక్కువ, వార్డు మెంబర్ మాల. బోర్డు మీద ఏం రాయాలో వచ్చే గ్రామసభలో వాళ్లనే చెప్పమంటాను.