అర్జున్ ట్యాంకుకు రైఫిల్డ్ గన్ ఎందుకు? తెలిసినవాళ్లు చెప్పగలరా

అందరికీ నమస్కారం. నేను మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వచ్చే వారం సెమినార్‌కి అర్జున్ ట్యాంకును ఎంచుకున్నాను. 1974లో మంజూరైన ప్రాజెక్టు, డిజైన్ చెన్నై దగ్గర ఆవడిలోని సీవీఆర్‌డీఈ (రక్షణ శాఖ యుద్ధ వాహనాల పరిశోధన సంస్థ) వాళ్లది. దాని కంచన్ కవచం మన హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్‌లో పుట్టిందని చదివాక ఇక వేరే టాపిక్ మీదికి మనసు పోలేదు.

నా సందేహం గన్ గురించి. జర్మనీ ట్యాంకు లెపర్డ్-2కి 120 ఎం.ఎం. స్మూత్‌బోర్ (లోపల గాడుల్లేని నున్నటి గొట్టం) ఉంటే, అదే 120 ఎం.ఎం.లో అర్జున్‌కి రైఫిల్డ్ (లోపల మెలితిరిగిన గాడులున్న) గొట్టం ఎందుకు పెట్టారు? గొట్టంలోని గాడుల వల్ల గుండు గిర్రున తిరుగుతూ వెళ్తుంది, హెష్ గుండుకి (కవచానికి అతుక్కుని పేలే రకం) అది మంచిదే. కానీ కవచాన్ని చీల్చే గుండు రెక్కలున్న పొడవాటి బాణంలా ఉంటుంది, దానికి ఆ తిరుగుడే అడ్డం కదా! గుండు చుట్టూ జారే పట్టీ వేసి ఆ తిరుగుడు తగ్గిస్తారని చదివాను. పట్టీ గాడుల్ని పట్టుకుని తిరుగుతుంటే లోపలి గుండు మాత్రం దాంతోపాటు తిరగకుండా ఎలా ఉంటుంది? బొమ్మ గీసి చెప్పలేకపోతున్నాను, రెండు రోజులుగా అదే టెన్షన్.

బ్రిటన్ కూడా తన కొత్త ట్యాంకు చాలెంజర్-3తో స్మూత్‌బోర్‌కి మారుతోంది కాబట్టి మా సార్ ఇది తప్పకుండా అడుగుతారు. ఆర్మీలోనో ఆయుధ కర్మాగారంలోనో పనిచేసిన పెద్దలు ఉంటే దయచేసి వివరించండి. రహస్యాలేవీ అక్కర్లేదు, సూత్రం అర్థమైతే చాలు.