రాత్రంతా పులియబెట్టే బ్రెడ్ మన ఎండల్లో కుదురుతుందా?

కోటజంక్షన్ (విజయనగరం):

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 28 లీటర్ల ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉంది. కేకులు, బిస్కెట్లు బాగానే వస్తున్నాయి, మా గుంటలు బయట కొన్న బిస్కెట్ ప్యాకెట్ ముట్టుకోవడం దాదాపు మానేశారు. నాకు మామూలు వంట కన్నా దీని మీదే ఇష్టం ఎక్కువ, ఎందుకంటే ఓవెన్ అద్దంలోంచి అంతా కనబడుతూ ఉంటుంది. కేకు మధ్యలో పొంగి, పైన సన్నగా పగిలి, అంచులు టిన్నును వదులుతుంటే అక్కడే కూర్చుని చూస్తాను, ఫోను మోగినా ఎత్తను. పిల్లలు పడుకున్నాక నెట్‌లో రెసిపీలు వెతకడం ఇంకో సరదా. ఎక్కడో అమెరికాలో ఉన్నావిడ తన వంటింట్లో చేసింది రాస్తే, దాని కింద కేరళ నుంచి ఒకరు, ఆస్ట్రేలియా నుంచి ఒకరు తాము ఏం మార్చి చేశారో చెబుతారు. ఒక్కోసారి రెసిపీ కన్నా ఆ కింది మాటల్లోనే అసలు కిటుకు దొరుకుతుంది.

ఇప్పుడు అడగాలనుకున్నది. పిసకక్కర్లేని బ్రెడ్ ఒకటుంది కదా, న్యూయార్క్‌లో జిమ్ లేహీ అనే బేకరీ ఆయనది, 2006లో అక్కడి పేపర్లో పడ్డాక నెట్ అంతా పాకిపోయింది. 3 కప్పుల పిండి, పావు టీస్పూను ఈస్ట్, ఉప్పు, నీళ్లు కలిపేసి 12 నుంచి 18 గంటలు వదిలేయమంటారు. తర్వాత బరువైన మూత గిన్నెను ఓవెన్లో బాగా కాల్చి, ఆ వేడి గిన్నెలో పిండి ముద్ద వేసి మూత పెట్టాలి. ఫొటోలు చూస్తుంటే చేయి ఆగడం లేదు, కానీ మనకిప్పుడు మే నెల. దోసెల పిండి సాయంత్రం రుబ్బితే పడుకునే లోపే పొంగి గిన్నె దాటుతోంది, మరి ఈస్ట్ వేసిన మైదా 18 గంటలు బయట పెడితే ఏమవుతుంది? ఇంకోటి, చాలా రెసిపీల్లో వెన్న గది వేడికి తెచ్చి వాడమంటారు, మన గదిలో పెడితే అది నూనె అయిపోదా? మన వైపు ఎండాకాలంలో కూడా చేసేవాళ్లుంటే చెప్పండి. చోడిపిండి (రాగిపిండి), పలాస జీడిపప్పు, కొబ్బరి వాడేవి ఏమున్నా పెట్టండి.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

నేను ఈ బ్రెడ్ ఏడాది పొడవునా చేస్తానండి, మేలో కూడా. ఆ రెసిపీలో ఒక చిన్న లెక్క ఉంది, చాలామంది దాటేసి చదువుతారు: గది వేడి 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉండాలని. అంటే మన లెక్కలో 21. శ్రీకాకుళంలో మనకు 21 దొరికేది చలికాలం రాత్రుల్లోనే. ఇప్పుడు వంటిల్లు 33, 34 ఉంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈస్ట్ పని సుమారు రెండింతలు వేగంగా జరుగుతుంది, కాబట్టి అక్కడ 12 నుంచి 18 గంటలు పట్టేది ఇక్కడ 5 నుంచి 7 గంటల్లో అయిపోతుంది. ఆపైన కూడా వదిలేస్తే పిండి పుల్లటి వాసన కొట్టి, జారుడుగా తయారై, ఓవెన్లో పెట్టాక పైకి లేవదు. గడియారం చూడొద్దు, పిండిని చూడండి. నేను నిటారు గోడలున్న గాజు సీసాలో పెట్టి, పిండి ఎక్కడిదాకా ఉందో అక్కడ బయట రబ్బరు బ్యాండు వేస్తాను. రెట్టింపు అయ్యిందంటే తెలిసిపోతుంది, పైన చిన్న చిన్న బుడగలు, పక్కన గాజులోంచి వల అల్లినట్టు కనబడుతుంది.

నా పద్ధతి ఇది. ఫ్రిజ్‌లో ఉన్న చల్లటి నీళ్లతోనే కలుపుతాను. రాత్రి 8కి కలిపితే రెండు గంటలు బయట ఉంచి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను, ఆ చల్లదనంలో ఈస్ట్ ఆగిపోదు కానీ మెల్లగా పనిచేస్తుంది, అందుకే రుచి ఇంకా బాగుంటుంది. పొద్దున్న తీసి, పూర్తిగా రెట్టింపు అయ్యేదాకా బయట ఉంచి, పొడి పిండి చల్లిన బల్ల మీద నాలుగు వైపుల నుంచి లోపలికి మడిచి, ఇంకో ముప్పావు గంట వదలాలి. ఈలోగా గిన్నె ఓవెన్లో 230 దగ్గర అరగంట కాలాలి. మూత పెట్టి అరగంట, మూత తీసి 15, 20 నిమిషాలు, రంగు చూసుకోండి, లేత గోధుమరంగులో ఆపేయకండి, ముదురు రంగు వస్తేనే పైపెచ్చుకు రుచి. 28 లీటర్ల ఓటీజీ అంటున్నారు కాబట్టి గిన్నె మూతతో సహా పట్టాలి, రాడ్లకు తగలకూడదు, సగం కొలతతో మొదలుపెట్టండి. మూత పిడి ప్లాస్టిక్‌ది అయితే ముందే విప్పేయండి. మన మైదా అక్కడి బ్రెడ్ పిండి అంత నీళ్లు తాగదు, చెప్పిన నీళ్లలో రెండు మూడు చెంచాలు ఆపి, అవసరమైతేనే పోయండి.

ఓవెన్లోంచి తీశాక దగ్గరగా చెవి పెట్టి వినండి. పైపెచ్చు చల్లారుతూ చిటపటమంటుంది, కొన్ని నిమిషాలపాటు. ఆ శబ్దం కోసమైనా చేయాలి అసలు. ఎంత ఆకలేసినా గంట ఆగి కోయండి, లోపల ఆవిరి ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, వెంటనే కోస్తే ముద్దగా అనిపిస్తుంది. మన గాలిలో తేమకి సాయంత్రానికి పెచ్చు మెత్తబడుతుంది, 180లో ఐదు నిమిషాలు పెడితే మళ్లీ కరకరలాడుతుంది.

ఉద్దానం కొబ్బరి (కవిటి):

అక్కా, మా దగ్గర ఓటీజీ లేదు, పాత కుక్కరే మా ఓవెన్. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు, గ్యాస్ ఒక్కటే ఉంది, అప్పుడు మొదలైన అలవాటు ఇప్పటికీ పోలేదు. గ్యాస్కెట్, విజిల్ తీసేయాలి, అది మరవకూడదు. అడుగున కళ్లుప్పు ఒక పొర పోసి, స్టాండు పెట్టి, మూత వేసి 10 నిమిషాలు మధ్య మంట. తర్వాత టిన్ను పెట్టి పూర్తిగా సన్న మంట, కేకుకి 40 నుంచి 50 నిమిషాలు. నీళ్లు పోయకుండా కాలుస్తాం కాబట్టి రోజూ పప్పు వండే కుక్కర్ వాడొద్దు, దీనికని ఒకటి పక్కన పెట్టుకోండి.

కొబ్బరి కేకు చెబుతాను. మా తోట కాయ అయినా బజారు కాయ అయినా పచ్చి కొబ్బరి కోరులో నీళ్లు ఉంటాయి, అలాగే వేస్తే కేకు అడుగు బరువెక్కి కూర్చుంటుంది. మూకుట్లో సన్న సెగ మీద తడి ఆరేదాకా వేయించి, చల్లారాక కలపాలి. రెండు నిమిషాల పనే. కప్పు మైదా, కప్పు సన్న రవ్వ, కప్పు కొబ్బరి, ముప్పావు కప్పు పంచదార, కప్పు పెరుగు, అర కప్పు నూనె, అర కప్పు పాలు, టీస్పూను బేకింగ్ పౌడర్, పావు టీస్పూను సోడా. గుడ్డు అక్కర్లేదు. రవ్వ నానడానికి పావుగంట ఆగాలి, అందుకని సోడా, పౌడర్ మాత్రం చివర్లో, టిన్నులో పోసే ముందు కలపండి. పెరుగులో పులుపు సోడాకు తగలగానే గ్యాస్ పుడుతుంది, ఆలస్యం చేస్తే అదంతా గిన్నెలోనే పోతుంది.

పిండివంట (రాజాం):

కోటజంక్షన్ గారూ, వెన్న సంగతి నేను చెబుతాను. పంచదారతో గిలకొట్టే వెన్న 18, 20 డిగ్రీల దగ్గర ఉండాలి, అప్పుడే గాలి పట్టుకుంటుంది. వేలితో నొక్కితే లొత్త పడాలి, వేలికి మెరుపు అంటకూడదు. ఇప్పుడైతే ఫ్రిజ్‌లోంచి తీసి ముక్కలు కోసి 10 నిమిషాలు ఉంచితే సరిపోతుంది, గంట ఉంచమన్నది చలిదేశం వాళ్లకి. బజారులో మనకు ఎక్కువగా దొరికేది ఉప్పు వెన్న, అది వాడితే రెసిపీలో ఉప్పు మానేయండి.

రెసిపీ కింది వ్యాఖ్యల గురించి మాత్రం మీతో పూర్తిగా ఒప్పుకోను. గుడ్డు తీసేసి, పంచదార సగం చేసి, మైదా బదులు గోధుమపిండి వేసి బాగా రాలేదని రాసేవాళ్లు చాలామంది, అది చదివి మంచి రెసిపీ వదిలేసుకోవడం అన్యాయం. నేను మొదట చూసేది గ్రాములు ఇచ్చారా, టిన్ను సైజు చెప్పారా అని. 8 అంగుళాల టిన్నులోది 9 అంగుళాల దాంట్లో పోస్తే వైశాల్యం పావు వంతు పైగా పెరుగుతుంది, కేకు పల్చబడి ముందే ఉడుకుతుంది. అమెరికా కప్పు అంటే సుమారు 240 మిల్లీలీటర్లు, మైదా అయితే 120, 125 గ్రాములు, కానీ డబ్బాలో కప్పు ముంచి తీస్తే 140, 150 కూడా వస్తుంది. ఒక స్టిక్ వెన్న అంటే 113 గ్రాములు. చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి, ఓవెన్ కన్నా ముందు అదే కొనాలంటాను నేను.

ఇక చోడి బిస్కెట్లు. చోడిపిండి 75 గ్రాములు సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి చల్లార్చండి. దానికి గోధుమపిండి 75, బెల్లం పొడి 75, పేరిన నెయ్యి 90, అర టీస్పూను బేకింగ్ పౌడర్, ఏలకుల పొడి. ముద్ద పగుళ్లు పడితే చెంచా పాలు చాలు. చోడిలో సాగే గుణం లేదు, అందుకే గోధుమ కావాలి, లేకపోతే చేత్తో తీయగానే విరిగిపోతాయి. పైన పలాస జీడిపప్పు అద్దండి, గుండు పప్పే కొనక్కర్లేదు, బద్దలు, ముక్కలు చాలు, ధర కూడా తక్కువ. 165 దగ్గర 18 నుంచి 20 నిమిషాలు. తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, ఇంకా ఉడకలేదని మళ్లీ పెట్టకండి, చల్లారాక గట్టిపడతాయి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టి గట్టిగా మూత వేయండి, బెల్లం మన గాలిలో తేమ లాగేస్తుంది.

కోటజంక్షన్ (విజయనగరం):

అందరికీ చాలా చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. ఈ రాత్రికే పిండి కలుపుతున్నాను, సగం కొలతే. ఒక్క డౌట్, నాగావళి ఒడ్డు గారూ, మా ఓటీజీలో ఏం పెట్టినా పైభాగం ముందు రంగు వచ్చేస్తుంది. 230 అంటే భయంగా ఉంది.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

భయం వద్దండి, మూత ఉన్నంతసేపు ఏమీ కాదు. గిన్నెను అన్నిటికన్నా కింది అరలో పెట్టండి, మూత తీశాక పై రాడ్ ఆపేసి కింది రాడ్ ఒక్కటే ఉంచండి, చివరి ఐదు నిమిషాలు రెండూ వేయండి. చిన్న ఓవెన్లలో నాబ్ మీద అంకె ఒకటి, లోపల వేడి ఇంకొకటి ఉండడం మామూలే, 10, 20 డిగ్రీలు అటూ ఇటూ. ఓవెన్ థర్మామీటర్ ఒకటి తెప్పించి లోపల వేలాడదీస్తే మీ నాబ్ ఎంత ఎక్కువ చూపిస్తోందో, ఎంత తక్కువ చూపిస్తోందో తెలిసిపోతుంది. రేపు కోసిన ముక్క ఫొటో పెట్టండి, లోపలి రంధ్రాలు చూస్తే పిండి ఎక్కువ పులిసిందో తక్కువ పులిసిందో చెప్పగలను.