పోకర్ ఆడి బతికేవాడు ఏ దేశంలో కాపురం పెట్టాలి?

బెజవాడ బాటసారి:
అందరికీ నమస్కారం. నాకు 31 ఏళ్లు, సొంతూరు విజయవాడ. 2019లో ఉద్యోగం మానేసి ఆన్‌లైన్ పోకర్‌లోకి దిగాను, ఎక్కువగా టోర్నమెంట్లు. తెలంగాణలో 2017 నుంచే నిషేధం ఉంది కాబట్టి హైదరాబాద్‌లో ఉండి ఆడే వీలు లేకపోయింది. ఇంటికి వెళ్లి ఆడుకుందామంటే 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ కూడా తలుపు వేసింది. సామాన్లు సర్దుకుని బెంగళూరు చేరాను. అక్కడ 2021లో చట్టం తెచ్చారు, 2022 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది, బతికిపోయాను. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటే చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా, నైపుణ్యమైనా అదృష్టమైనా, ఒకే గాటన కట్టేశారు. నేను ఆడే సైటు ఆ వారంలోనే డబ్బు ఆటలు ఆపేసింది.

రాష్ట్రాలు మారడం అయిపోయింది, ఇక దేశం మారడమే మిగిలింది. ఏడాది ఖర్చులకు సరిపడా సొమ్ము ఉంది, ఆటకు పెట్టుకున్నది దానికి వేరుగా ఉంది. థాయ్‌లాండ్, మెక్సికో, మాల్టా, ఈ మూడూ చూస్తున్నాను. థాయ్‌లాండ్ వైపు మొగ్గుతున్నాను. అద్దెలు తక్కువ, నెట్ బాగుంటుంది, ఇడ్లీ కూడా దొరుకుతుందట. మీరేమంటారు?

కొబ్బరినీళ్లు:
చియాంగ్‌మైలో ఏడు నెలలు ఉండి వచ్చాను కాబట్టి చెబుతున్నాను. ఖర్చు విషయం నిజమే, ఇడ్లీ విషయం సగమే నిజం. అసలు తంటా గడియారంతో. పెద్ద ఆదివారం టోర్నమెంట్లన్నీ యూరప్ సాయంత్రానికి కుదిర్చి పెడతారు. అక్కడ రాత్రి ఏడు గంటలంటే థాయ్‌లాండ్‌లో అర్ధరాత్రి, చలికాలంలో ఒంటి గంట. ఆట పాకానపడి, ఇంకో అరవై మంది మిగిలారనగా మా వీధిలో భిక్షువులు గిన్నెలు పట్టుకుని వరసగా నడిచి వెళ్లేవారు. చెప్పుల్లేని ఆ అడుగుల చప్పుడుకు కిటికీ పరదా తీసి చూసి, మళ్లీ వచ్చి ముక్కలు చూసుకునేవాణ్ని. మొదట్లో బాగానే ఉంటుంది. నాలుగో నెల వచ్చేసరికి సోమవారం అనే రోజు నా జీవితంలో లేకుండా పోయింది.

భయపడాల్సిన పని మాత్రం లేదు. ఏడు నెలల్లో నా తలుపు ఎవరూ తట్టలేదు.

లెక్కల మాస్టారు:
తట్టలేదు కాబట్టి తప్పు లేదనుకోకండి. థాయ్‌లాండ్ జూద చట్టం 1935 నాటిది, ఇప్పటికీ అమల్లో ఉంది. అదే ఏడాది వచ్చిన పేకముక్కల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఎవరి దగ్గరా 120 ముక్కలకు మించి ఉండకూడదు. నవ్వులాటగా ఉంది కదా? 2016 ఫిబ్రవరిలో పట్టాయాలో బ్రిడ్జి ఆడుకుంటున్న 32 మంది విదేశీ వృద్ధులను పోలీసులు పట్టుకెళ్లారు. అక్కడ డబ్బు పందెమే లేదు.

వీసా సంగతి కూడా చూడండి. 2024 జులైలో వచ్చిన ఐదేళ్ల వీసాకు 5 లక్షల బాత్‌ల నిల్వ చూపాలి, విడతకు 180 రోజులు ఉండనిస్తారు. అది దూరం నుంచి ఉద్యోగం చేసుకునేవారి కోసం పెట్టింది. ‘ఏం పని చేస్తారు?’ అన్న గడిలో మీరేం రాస్తారు? మరో మాట, ఏడాదిలో 180 రోజులు ఉంటే అక్కడి పన్ను లెక్కలోకి వస్తారు. బయట సంపాదించి లోపలికి తెచ్చుకున్న డబ్బుకు 2024 నుంచి పన్ను అడుగుతున్నారు.

పాతకాపు:
బాబూ, నేను సూటిగా మాట్లాడతాను, నొచ్చుకోవద్దు. మీరు ఇల్లు మారుస్తున్నారు గానీ టేబుల్ అవతల కూర్చున్నవాడు మారడం లేదు. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం నలుగురు ఆరితేరిన ఆటగాళ్లతో ఒక్కొక్కరుగా మొత్తం లక్షా 20 వేల పంపకాలు ఆడి నలుగురినీ చిత్తు చేసింది. రెండేళ్లు తిరిగేసరికి ప్లూరిబస్ వచ్చి ఆరుగురి టేబుల్‌లోనూ నెగ్గింది. ఇప్పుడా విద్య ల్యాప్‌టాప్‌లోకి దిగింది. పదిహేనేళ్ల కింద ఆదివారం సరదాగా వచ్చి డబ్బు పోగొట్టుకుని వెళ్లే జనం ఉండేవారు, ఆ చెరువు ఎండుతోంది. ఎండే చెరువుకు ఏ గట్టున గుడిసె వేస్తే ఏమిటి?

బెజవాడ బాటసారి:
పాతకాపు గారూ, కంప్యూటర్ గెలిచిందని చదరంగం చచ్చిపోలేదు కదా. ఆరేళ్ల నా లెక్కల పుస్తకం నా దగ్గర ఉంది, నష్టం వచ్చిన ఏడాది ఒక్కటే. ఇంకో మాట. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. మన ఊళ్ల నుంచి వెళ్లిన కేసే అది. అదే నేల మీద ఇప్పుడు నన్ను దొంగలా చూస్తున్నారు.

పాతకాపు:
చదరంగంలో కంప్యూటర్ మీ జేబులో డబ్బు తీసుకోదు. ఆ రమ్మీ తీర్పులోనే మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టమని కూడా ఉంది, అదీ చదవండి. మిమ్మల్ని దొంగ అన్నది కూడా ఎవరు? కొత్త చట్టంలో శిక్ష ఆడించేవాడికి, మూడేళ్ల జైలు, కోటి రూపాయల జరిమానా దాకా. ఆడేవాడికి శిక్ష లేదు.

చలిమంట:
ఒట్టావా నుంచి రాస్తున్నాను. ‘పోకర్‌కు మంచి దేశాలు’ అంటూ తిరిగే జాబితాల పుట్టుక ఎక్కడో ముందు చూడండి. 2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రభుత్వం పెద్ద సైట్ల మీద పడింది. అక్కడి ఆటగాళ్లు మూటాముల్లె సర్దుకుని మెక్సికో, కెనడా, కోస్టారికాలకు చేరారు. జాబితాలు వాళ్లు రాసుకున్నవి. అమెరికా పాస్‌పోర్టు చేతిలో ఉన్నవాడికి మెక్సికోలోని రొసారితోలో అద్దె ఎంత అన్నదే ప్రశ్న. మన పాస్‌పోర్టుతో వెళ్లేవాడికి ఎన్నాళ్లు ఉండనిస్తారన్నది మొదటి ప్రశ్న, అద్దె తరవాత.

కెనడా గురించి అడుగుతారేమో, చెబుతాను. 2022 ఏప్రిల్ 4న ఒంటారియో తన సొంత మార్కెట్ తెరిచింది. దాంతో ఇక్కడి ఆటగాళ్లు ప్రపంచం నుంచి విడిపోయి ఒంటారియో వాళ్లతోనే ఆడుకోవాల్సి వచ్చింది. ఒట్టావాకు గటినోకు మధ్య ఒక నది. గటినో క్యుబెక్‌లో ఉంది. అటు ఒడ్డున అద్దెకుంటే మునుపటిలాగే ప్రపంచమంతా ఉన్న టేబుల్, ఇటు ఒడ్డున ఉంటే మన పేట టేబుల్. మా మిత్రుడొకడు వంతెన దాటి ఇల్లు మారాడు. పోకర్‌లో దేశం పేరు చెబితే చాలదు, ఏ ఒడ్డో కూడా చెప్పాలి.

కొబ్బరినీళ్లు:
చలిమంట గారు చెప్పింది యూరప్‌కూ వర్తిస్తుంది. పోర్చుగల్‌లో ఎండ, సముద్రం, దూరపు ఉద్యోగుల వీసా అన్నీ ఉన్నాయి గానీ, అక్కడి లైసెన్సు సైట్లలో ఆడేది ఫ్రాన్స్, స్పెయిన్ వాళ్లతోనే. 2018 నుంచి అంతే.

లెక్కల మాస్టారు:
మాల్టా మాట కూడా తేల్చేద్దాం. పోకర్ కంపెనీల ఆఫీసులు అక్కడ ఉన్నాయి కాబట్టి ఆటగాళ్లకూ స్వర్గం అనుకోవడం, సిమెంటు ఫ్యాక్టరీ పక్కన స్థలం కొంటే ఇల్లు చవకగా లేస్తుందనుకోవడం లాంటిది. దుబాయ్‌లో ఆదాయపు పన్ను లేదు, నిజమే. లైసెన్సు లేని జూదం నేరం, అదీ నిజమే. అమెరికాలో ఉన్న బంధువుల దగ్గర చేరి ఆడదామన్న ఆలోచన ఉంటే మానుకోండి. 2026 నుంచి అక్కడ నష్టాల్లో 90 శాతమే లెక్కలోకి తీసుకుంటారు. లక్ష డాలర్లు గెలిచి లక్ష పోగొట్టుకున్నవాడు చేతిలో పైసా లేకుండా 10 వేల మీద పన్ను కట్టాలి.

ఇంతకంటే ముఖ్యం, ఇక్కడి నుంచి డబ్బు ఎలా తీసుకెళతారు? విదేశీ మారకం నిబంధనలు 2000 నాటివి. లాటరీ టికెట్లు, ఫుట్‌బాల్ పూల్స్, స్వీప్‌స్టేక్స్ కోసం డబ్బు పంపకూడదని రాసి, చివర ‘మొదలైనవి’ అని పెట్టారు. ఆ ‘మొదలైనవి’ కిందే మీ తల ఉంటుంది. ఇల్లు గడవడానికి పంపుకున్న డబ్బు వేరు, సైటులో వేసే డబ్బు వేరు. రెండూ ఒకే ఖాతాలో కలపకండి. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడే గడిపారంటే ప్రపంచంలో ఎక్కడ గెలిచినా మన పన్నుకు చిక్కుతారు. ఆన్‌లైన్ ఆటల గెలుపు మీద 2023 ఏప్రిల్ నుంచి అది 30 శాతం. కాబట్టి ఏ నెలలో విమానం ఎక్కుతారో చూసుకోండి.

ట్రెంట్ ఒడ్డు:
ఇంతసేపూ చదివాను. ఇందులో ఇంట్లోవాళ్ల వైపు నుంచి ఎవరూ మాట్లాడలేదు. నేను నాటింగ్‌హామ్‌లో నర్సును. మా ఆయన నా వీసా మీద వచ్చారు, పోకర్ ఆడతారు. పన్నుకు సంబంధించి ఈ దేశంలో ఇబ్బంది లేదు. ఇంట్లో కూర్చుని గుర్రప్పందేలు కాస్తూ బతికే ఒకాయన మీద పన్ను వేయబోతే, అది వ్యాపారం కిందికి రాదని 1925లోనే కోర్టు చెప్పింది. ఆ మాటే నేటికీ చెల్లుతోంది. గడియారం కూడా అనుకూలం. ఆదివారం సాయంత్రం పిల్లకు అన్నం పెట్టి కూర్చుంటారు. సోమవారం బడికి దింపేది కూడా ఆయనే, కళ్లు ఎర్రగా ఉన్నా.

కష్టం ఎక్కడ వచ్చిందంటే, ఇల్లు కొందామనుకున్నప్పుడు. అప్పిచ్చే చోట ఒక అమ్మాయి మా ఆరు నెలల బ్యాంకు కాగితాలు ముందేసుకుని, పోకర్ సైటు పేరున్న ప్రతి వరస మీదా పసుపు గీత గీసుకుంటూ వచ్చింది. వచ్చినా గీతే, పోయినా గీతే. గెలిచిన నెలలు ఎక్కువని చెప్పబోతే విననే లేదు. బయటికొచ్చాక ఆ కాగితాలు చూసి మా ఆయన “మన శుభలేఖకు కూడా ఇంత పసుపు పూయలేదు” అన్నారు. చివరికి ఆయన సంపాదన పూర్తిగా పక్కన పెట్టి, నా జీతం ఒక్కదాని మీదే అప్పు ఇచ్చారు. అనుకున్న ఇంటికన్నా ఒక గది తగ్గింది.

పాతకాపు:
అంటే పోకర్ ఆడాలంటే ముందు నర్సును చేసుకోవాలన్నమాట!

ట్రెంట్ ఒడ్డు:
మీరు వేళాకోళానికి అన్నా, నేను చెప్పేది అదే. ‘పోకర్ ఆటగాడు’ అనే పేరుతో వీసా నేనైతే ఎక్కడా చూడలేదు. ఉద్యోగం మీదనో, చదువు మీదనో, ఇంట్లో ఇంకొకరి మీదనో వచ్చినవాళ్లే నిలదొక్కుకున్నారు. నేను చూసిన నాలుగు కుటుంబాలూ అంతే. బాటసారి తమ్ముడూ, ‘ఎక్కడ ఆడాలి’ అని కాకుండా ‘ఎక్కడ ఉండనిస్తారు’ అని మొదలుపెట్టు. ఆడకపోయినా ఆ దేశంలో ఉండగలిగే దారి ఒకటి ముందు చూసుకో. ఆట దాని మీద నడవాలి, అది ఆట మీద నడిచిందా, మూడు నెలలు వరసగా ఓడావంటే వీసా కోసం ఆడతావు. అలా ఆడేవాళ్లు ఎలా ఆడతారో మీ అందరికీ నాకంటే బాగా తెలుసు.

కొబ్బరినీళ్లు:
తెలుసు అక్కా. పైన రాయనిది ఒకటి చెబుతాను. థాయ్‌లాండ్‌లో సైటు తెరుచుకోక, ఏ దేశం నుంచి ఆడుతున్నానో కనబడకుండా చేసే వీపీఎన్ పెట్టాను. ఐదో నెలలో ఆ సైటువాళ్లు ఖాతా ఆపేసి, ఆ రోజు తేదీ రాసిన కాగితం పట్టుకుని ఫొటో దిగమన్నారు, ఇంటి కరెంటు బిల్లు పంపమన్నారు. బిల్లు ఇంటి యజమానురాలి పేరు మీద, థాయ్ లిపిలో ఉంది. పదకొండు రోజులు నా డబ్బంతా వాళ్ల దగ్గరే ఉండిపోయింది. వెనక్కి వచ్చింది, అదృష్టం. ఆ పదకొండు రోజులూ తలుపు తట్టే చప్పుడు వింటే ఉలిక్కిపడేవాణ్ని. భయం లేదని పైన రాసింది వెనక్కి తీసుకుంటున్నాను.

చలిమంట:
ఒక్క సవరణ. మెక్సికోను ఎవరూ తడమలేదు. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మన పాస్‌పోర్టు మీద కూడా వేరే వీసా లేకుండా 180 రోజుల దాకా ఉండనిస్తారు. ఆదివారం టోర్నమెంట్లు అక్కడ పగలే మొదలవుతాయి, రాత్రి మామూలుగా నిద్రపోవచ్చు. అయితే ఎంతమందికి ఆ అమెరికా వీసా ఉంది?

బెజవాడ బాటసారి:
నాకు ఉంది. 2018లో కంపెనీ పని మీద తీయించారు, 2028 దాకా చెల్లుతుంది. ఇంతవరకు గుర్తే రాలేదు.

అక్క చెప్పింది రాత్రంతా ఆలోచించాను. చదువు మీద వెళ్లే ఆలోచన ఒకటి మొదలైంది. యూకేలో ఏడాది మాస్టర్స్, ఫీజు చూస్తే నా ఆట సొమ్ములో సగానికి పైనే పోతుంది. పైగా విద్యార్థి వీసా మీద ఉండి డబ్బుకు ఆడవచ్చా?

లెక్కల మాస్టారు:
విద్యార్థి వీసాలో సొంత వ్యాపారం, స్వయం ఉపాధి కూడదు. పోకర్ వ్యాపారం కాదని పన్నువాళ్లు అంటారు, వీసావాళ్లూ అలాగే అనుకుంటారని మీరు లెక్క వేయకండి. వెళ్లేముందు అక్కడి వలస చట్టాల లాయరుకు ఫీజు ఇచ్చి రాతపూర్వకంగా అడగండి.

పాతకాపు:
సరే, నా పట్టు నేను వదలను గానీ ఒకటి అడుగుతాను. ఇంట్లో ఏమన్నారు?

బెజవాడ బాటసారి:
అమ్మకు తెలుసు. నాన్నకు 2019 నుంచి చెప్పలేదండీ. బెంగళూరులో కంపెనీ మారాననే ఇప్పటికీ అనుకుంటున్నారు. మొన్న పెళ్లి సంబంధం వాళ్లు వస్తే జీతం కాగితం పంపమని ఫోను చేశారు. ఈ సంక్రాంతికి వెళ్లినప్పుడు చెబుదామనుకుంటున్నాను. పండగకు మా ఇంట్లో మామయ్యలందరూ కూర్చుని పేకాడతారు, ముక్కలు పంచేది నాన్నే.