రిపోర్టులో డామినెంట్ అని ఉంది, మా ఇద్దరికీ ఏమీ లేదు. ఎలా?

చుక్కలరాత్రి:
నాలుగు గంటలుగా ఈ రిపోర్టు పట్టుకుని కూర్చున్నాను, బుర్ర వేడెక్కిపోయింది. బాబుకి పొట్ట ఉబ్బిపోతుంది, పచ్చటి వాంతులు. అడ్డంకి ఉందేమోనని పొట్ట కోసి చూశారు, ఎక్కడా లేదు. ఇప్పుడు పేగు కండరం జబ్బు, ఆటోసోమల్ డామినెంట్ అంటున్నారు. డామినెంట్ అంటే తల్లికో తండ్రికో ఉండాలి కదా? ఇంట్లో అప్పుడే 'మీ వైపా, మా వైపా' మొదలైంది. రిపోర్టు తప్పా?

సూటిగా:
జీన్ పేరు?

పేగుబంధు:
ముందు హిర్ష్‌స్ప్రంగ్ కాదని తేల్చుకున్నారా? అందులో పేగు చివర నరాల కణాలే ఉండవు. కండరం ఉంటుంది, దానికి ఆజ్ఞ ఇచ్చేవాళ్లు ఉండరు. మీరు చెప్పేదాంట్లో ఆజ్ఞ అందుతుంది, పిండే బలమే లేదు. బయాప్సీలో గాంగ్లియాన్ కణాలు, అంటే ఆ నరాల కణాలు, ఉన్నాయని రాశారా? ఇక్కడ వచ్చినవాళ్లందరినీ ఇదే అడుగుతాను, ఆ కాగితం ఎవరూ తీసి చూడరు.

చుక్కలరాత్రి:
ఉన్నాయనే రాశారు. జీన్ ఏసీటీజీ2. దాని ప్రొటీన్‌లో 257వ చోట ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం బదులు సిస్టీన్ అట. మూత్రం కూడా గొట్టంతోనే తీస్తాం, అది వేరే సమస్య అనుకుని రాయలేదు.

సూటిగా:
వేరే కాదు. అదే ఇది.

కండపుష్టి:
పేగులోనూ మూత్రాశయంలోనూ ఉండే నునుపు కండరానికి గామా యాక్టిన్ అనే ప్రొటీన్ చేసిపెట్టే జీన్ అది. యాక్టిన్ అణువులు ఒకదానికొకటి తగులుకుని దారంలా సాగితేనే కండరం ముడుచుకోగలదు. ఆ ఆర్జినైన్ మారితే దారం సరిగా కుదరదు. జీన్ రెండో కాపీ బాగున్నా లాభం లేదు, చెడ్డ అణువులూ మంచివాటితో పాటు అదే దారంలో చేరిపోతాయి. డామినెంట్ అంటే అంతే, ఒక్క కాపీ చెడితే చాలని. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మాట చెప్పదు. ఈ జీన్‌లో చాలాసార్లు మార్పు బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. మీ ఇద్దరి రక్తం పంపారా?

నిఘంటువు:
అయితే ఇది వంశపారంపర్య జబ్బు కాదు. జన్యు జబ్బు అనండి.

పేగుబంధు:
రేపు బాబు పిల్లలకు ఒక్కొక్కరికి సగం అవకాశం ఉంటుంది. అప్పుడేమంటారు?

నిఘంటువు:
అప్పుడు వంశపారంపర్యమే అందాం.

పేగుబంధు:
ఇలాంటి జబ్బే తెచ్చే మరో జీన్ ఎల్‌మాడ్1 ఉంది, అది చెడిన పిల్లల్లో రెండు కాపీలూ పోతాయి, తల్లిదండ్రులు చెరొకటి ఇస్తారు. ఇచ్చినవాళ్లకు ఏ జబ్బూ ఉండదు. ఎంవైహెచ్11 అనే జీన్ కూడా అంతే.

కండపుష్టి:
ఎంవైహెచ్11ని అలా కలపకండి, అందులో ఒక కాపీతో వచ్చే రకమూ ఉంది. అయినా ఆవిడ అడిగింది ఇది కాదు.

చుక్కలరాత్రి:
నా రక్తం ఒక్కటే పంపారు. నాకు లేదని వచ్చింది.

సూటిగా:
మీ ఆయనదీ పంపండి.

కండపుష్టి:
అవునండీ. ఒకే ఇంట్లో ఒకరికి తీవ్రంగా, మరొకరికి తేలిగ్గా ఉండొచ్చు. ఆయనకు మూత్రం ఇబ్బంది ఏమైనా ఉందేమో అడగండి. ఇద్దరికీ లేదని తేలినా, మళ్లీ బిడ్డను కనేముందు జెనెటిక్ కౌన్సెలర్‌ని కలవండి. అండాల్లోనో వీర్యకణాల్లోనో కొన్నిట్లో ఆ మార్పు దాగి ఉండే అవకాశం తక్కువే కానీ సున్నా కాదు. ఇంతకీ కడుపుతో ఉన్నప్పుడు స్కానులో మూత్రాశయం పెద్దగా కనపడలేదా?

చుక్కలరాత్రి:
కనపడింది. తర్వాత చూద్దాం అన్నారు. సరే, ఆయనది రేపు ఇస్తాం. థాంక్సండీ, బాబు లేచాడు.

నిఘంటువు:
ఇంతకీ మయోపతీకి, అంటే ఈ కండరం జబ్బుకి, మంచి తెలుగు మాట ఎవరికైనా తెలుసా?