న్యూరాలజీ క్లినిక్‌లో జబ్బును ఎలా తేలుస్తారు? మీ అనుభవాలు రాయండి

మేఘమాల:
మా నాన్నగారి వయసు 68 ఏళ్లు. కొన్ని నెలలుగా ఆయన కుడిచెయ్యి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు వణుకుతోంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి మునుపటికంటే చాలా ఎక్కువ సేపు పడుతోంది. మేము ఎప్పుడూ చూపించుకునే డాక్టరు గారు పరీక్షించి, న్యూరాలజిస్టును కలవమని చీటీ రాసిచ్చారు. ముందుగానే మెదడుకు ఎమ్మారై తీయించుకుని వెళ్తే పని త్వరగా తేలుతుందని బంధువులు అంటున్నారు. అది అవసరమేనా? వెళ్లేటప్పుడు ఏమేమి తీసుకెళ్లాలి, వారు దేని ఆధారంగా జబ్బును నిర్ణయిస్తారు? వణుకు గురించే కాకుండా, ఏ నరాల జబ్బు విషయంలోనైనా మీరు స్వయంగా చూసినది రాస్తే మాలాంటి వారికి ఉపయోగపడుతుంది.

ఉదయకిరణం:
మేఘమాల గారూ, స్కాన్ కోసం తొందరపడకండి. మా వారికి పార్కిన్సన్స్ జబ్బు ఉన్నట్టు తేలినప్పుడు, స్కాన్ గురించి మాట్లాడకముందే న్యూరాలజిస్టు గారు చాలాసేపు ఆయనను గమనించారు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవమన్నారు, నడవమన్నారు, నడుస్తున్నప్పుడు ఏ చెయ్యి ఊగడం లేదో చూశారు, బొటనవేలిని చూపుడువేలితో వీలైనంత వేగంగా, వెడల్పుగా తట్టమని చెప్పి ఆ కదలిక క్రమంగా చిన్నదవుతోందా అని పరిశీలించారు, మణికట్టును తిప్పి చూసి బిగుసుదనాన్ని అంచనా వేశారు. ఆ తరువాత మాకు సంబంధం లేదనిపించిన ప్రశ్నలు అడిగారు: వాసనలు తెలుస్తున్నాయా, నిద్రలో కేకలు వేయడం, చేతులు విసరడం ఉందా, మలబద్ధకం ఎప్పటినుంచి, చేతిరాత చిన్నదైందా? ఇవన్నీ వణుకు కంటే ఏళ్ల ముందే మొదలవచ్చని అప్పుడే తెలిసింది.

పార్కిన్సన్స్ నిర్ధారణకు మూలం కదలికలు మందగించడం. దానికి తోడుగా విశ్రాంతిగా ఉన్నప్పుడు వచ్చే వణుకు గానీ కండరాల బిగుసుదనం గానీ ఉండాలి. మామూలు ఎమ్మారైలో ఈ జబ్బు సాధారణంగా కనిపించదు. స్కాన్ తీయించేది, చిన్న చిన్న పక్షవాతాలో మెదడులో నీరు చేరడమో మరొకటో కారణం కాదని నిశ్చయించుకోవడానికే. ఏ స్కాన్, ఏ పద్ధతిలో తీయాలో పరీక్షించినవారే చెబితే మళ్లీ తీయించే అవసరం రాదు.

ఒక్క విషయం మాత్రం తప్పకుండా చేయండి. నాన్నగారు గత ఏడాదిగా వాడిన మందులన్నిటి పేర్లు, మానేసినవి కూడా, రాసి తీసుకెళ్లండి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరగడానికి ఇచ్చే సిన్నరిజిన్, ఫ్లునారిజిన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు అచ్చం పార్కిన్సన్స్ లాంటి లక్షణాలనే తెప్పించగలవు. వాటిని ఆపితే చాలామందిలో లక్షణాలు నెమ్మదిగా తగ్గుతాయి. కానీ ఆపే నిర్ణయం డాక్టరు గారిదే కావాలి.

తెల్లకాగితం:
వణుకంతా పార్కిన్సన్స్ కాదని కూడా ఇక్కడ చెప్పాలి. నాకున్నది ఎసెన్షియల్ ట్రెమర్. చేతులు ఒళ్లో ఉన్నంతసేపు నిలకడగానే ఉంటాయి, గ్లాసు ఎత్తినా సంతకం పెట్టినా రెండూ వణుకుతాయి. మా అమ్మకూ ఇదే ఉండేది. క్లినిక్‌లో నాచేత కాగితం మీద చుట్లుచుట్లుగా గీత గీయించారు, ఒక గ్లాసులోని నీళ్లు మరో గ్లాసులోకి పోయించారు, థైరాయిడ్ పరీక్ష చేయించారు. ప్రొప్రనొలాల్‌తో నాకు బాగా తగ్గింది. ఆస్తమా ఉన్నవారికి ఆ మందు పనికిరాదు కాబట్టి, అడగకపోయినా ఆ సంగతి మీరే చెప్పాలి. వయసు నలభైలోపు ఉన్నవారికి వణుకు మొదలైతే, ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు కోసం కూడా తప్పక వెతుకుతారు. సకాలంలో పట్టుకుంటే దానికి మంచి చికిత్స ఉంది.

అమ్మఒడి:
మా అబ్బాయికి పదిహేనేళ్ల వయసులో ఫిట్స్ వచ్చాయి. మొదట చూపించిన చోట కార్బమజెపిన్ అనే ఫిట్స్ మందు ఇచ్చారు. పెద్ద ఫిట్స్ తగ్గలేదు సరికదా, పొద్దున్నే చేతులు ఒక్కసారిగా ఉలిక్కిపడినట్టు అదరడం ఎక్కువైంది. మూర్ఛకు ప్రత్యేకమైన క్లినిక్‌కు వెళ్లినప్పుడు అక్కడి నిపుణురాలు అడిగిన తొలి ప్రశ్నలలో ఒకటి, నిద్రలేచిన గంటలోపు చేతిలోని వస్తువులు జారిపడుతున్నాయా అన్నది. మేము దాన్ని నిర్లక్ష్యం అనుకుని వాడిని మందలిస్తూ ఉండేవాళ్లం. నిద్ర తక్కువైన మర్నాడు పెద్ద ఫిట్ రావడం, పొద్దుటి అదురు, ఈఈజీలో (మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష) కనిపించిన తీరు, ఈ మూడూ కలిపి జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ (టీనేజీలో మొదలయ్యే ఒక రకం మూర్ఛ) అని తేల్చారు. ఈ రకంలో కార్బమజెపిన్ అదురును పెంచగలదని వివరించి మందు మార్చారు. వాల్‌ప్రొయేట్ మొదలుపెట్టాక వాడు స్థిమితపడ్డాడు. ఆడపిల్లల విషయంలో ఆ మందును చాలా ఆలోచించి ఇస్తారు. గర్భంలోని బిడ్డకు వెన్నుపాము లోపాలు, బుద్ధి ఎదుగుదలలో వెనుకబాటు కలిగే ప్రమాదం దానితో ఎక్కువ.

మనిషి మెదడునుంచి విద్యుత్ తరంగాలను హాన్స్ బెర్గర్ మొదటిసారి 1924లో నమోదు చేశారు, నేటికీ మూర్ఛ రకాన్ని గుర్తించడంలో ఈఈజీకి సాటి లేదు. అయినా ఒక్క ఈఈజీ మామూలుగా ఉన్నంతమాత్రాన మూర్ఛ లేదని అర్థం కాదు. అవసరమైతే రాత్రి నిద్ర తగ్గించి మళ్లీ తీస్తారు, లేదా వీడియోతో పాటు ఎక్కువసేపు నమోదు చేస్తారు. ఇంట్లో ఫిట్ వచ్చినప్పుడు పిల్లవాడిని పక్కకు తిప్పి పడుకోబెట్టాక, ఇంకొకరు ఉంటే ఫోనులో వీడియో తీయమనండి. స్పృహ తప్పి పడిపోవడానికి, ఫిట్స్‌కు తేడా చెప్పడంలో ఆ వీడియో ఎంతో సాయపడుతుంది.

తరంగం:
నేను నరాల పరీక్షలు చేసే విభాగంలో టెక్నీషియన్‌ను. నరంలో సంకేతం ఎంత వేగంగా పోతోందో చూసే నెర్వ్ కండక్షన్ పరీక్షకు వచ్చేవారు చేతులకు, కాళ్లకు క్రీములు రాసుకోకండి, చల్లటి చేతులతో పరీక్షకు కూర్చోకండి. చర్మం చల్లగా ఉంటే నరంలో సంకేతం నెమ్మదిగా పోతుంది, దాంతో లేని జబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు. మేము వేడి చేశాకే మొదలుపెడతాం. కండరంలో సూది పెట్టి దాని విద్యుత్ సంకేతాలను చూసే ఈఎంజీకి ముందు రక్తం పల్చబరిచే మందులు వాడుతున్నారా, పేస్‌మేకర్ ఉందా అన్నవి చెప్పండి. నరానికి దెబ్బ తగిలిన మరునాడే ఈఎంజీ చేయమని అడిగేవారు చాలామంది ఉంటారు, కానీ కండరంలో వచ్చే మార్పులు కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది. తొందరపడి చేస్తే వచ్చే ‘నార్మల్’ రిపోర్టు అందరినీ తప్పుదారి పట్టిస్తుంది.

సంధ్యవేళ:
తరంగం గారు చెప్పిన ‘సమయం’ మాటకు నా అనుభవమే సాక్ష్యం. నాకు మయస్థీనియా గ్రేవిస్ ఉంది, అంటే నరాలనుంచి సంకేతం సరిగా అందక కండరాలు త్వరగా అలసిపోయే జబ్బు. సాయంత్రమయ్యేసరికి కనురెప్పలు వాలిపోయేవి, ఒకటి రెండుగా కనిపించేది, భోజనం చివరికి వచ్చేసరికి నమలలేకపోయేదాన్ని. పొద్దున్న క్లినిక్‌కు వెళ్తే మాత్రం అంతా మామూలే. అందుకే చాలాకాలం ఇది కంగారు వల్ల, అలసట వల్ల అన్నారు. చివరకు ఉదయం, సాయంత్రం తీసిన ఫొటోలు పక్కపక్కన చూపించాను. ఆ న్యూరాలజిస్టు గారు నన్ను రెప్ప వాల్చకుండా కాసేపు పైకి చూడమన్నారు, రెప్పలు ఆయన ముందే జారాయి. తరువాత ఈ జబ్బును పట్టించే ఎసిటైల్‌కొలిన్ రిసెప్టర్ యాంటీబాడీ రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. ఛాతీలో రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథిలో కణితి ఉందేమోనని ఛాతీకి సీటీ తీశారు. పిరిడోస్టిగ్మిన్ మాత్రతో మింగడం తేలికైంది, అసలు జబ్బును అదుపు చేసే మందులు నెలల మీద పనిచేశాయి. కొన్ని రకాల యాంటీబయాటిక్‌లు, సిరకు ఎక్కించే మెగ్నీషియం, తెల్లకాగితం గారు చెప్పిన ప్రొప్రనొలాల్ లాంటివి ఈ జబ్బును ముదిరేలా చేయగలవు. అందుకే పంటి డాక్టరు దగ్గరకు వెళ్లినా జబ్బు పేరు రాసిన కాగితం వెంట ఉంచుకుంటాను.

నీలిరంగు:
తలనొప్పికి స్కాన్ రాయలేదని నాకు కొంత అసంతృప్తి కలిగింది. కానీ ఆ న్యూరాలజిస్టు గారు నా మాత్రల లెక్క అడిగారు. మామూలు నొప్పిమాత్రలు నెలకు 15 రోజులు, మైగ్రేన్ వచ్చినప్పుడు వేసుకునే ట్రిప్టాన్లు 10 రోజులు లేదా అంతకుమించి, మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రలే తలనొప్పిని నిలబెడతాయట. వాటిని ఆపి, మైగ్రేన్ రాకుండా వేరే మందు ఇచ్చారు. తగ్గింది.

మేఘమాల:
అందరికీ కృతజ్ఞతలు. ఒకవేళ ‘కొన్ని నెలలు మందు వాడి చూద్దాం’ అంటే, అది తెలియకపోవడం కిందికి వస్తుందా? అప్పుడు మరో నిపుణుణ్ణి అడగవచ్చా?

ఉదయకిరణం:
అడగవచ్చు, మంచి డాక్టర్లు దానికి నొచ్చుకోరు. రిపోర్టులతో పాటు స్కాన్ సీడీలు కూడా తీసుకెళ్లండి, చాలామంది నిపుణులు చిత్రాలను స్వయంగా చూడాలనుకుంటారు. కానీ వేచి చూడటం కూడా నిర్ధారణలో భాగమే. పార్కిన్సన్స్‌కు ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపాకు శరీరం ఎలా స్పందించిందన్నది పార్కిన్సన్స్‌కు ఒక ముఖ్యమైన ఆధారం. తొలి రోజుల్లోనే తరచూ పడిపోవడం, నిలబడగానే బీపీ పడిపోవడం, మందుకు ఏమాత్రం మార్పు లేకపోవడం ఉంటే దానిని పోలిన వేరే జబ్బుల గురించి ఆలోచిస్తారు. మాత్ర వేసుకున్న వేళ, కదలిక తేలికైన వేళ, మళ్లీ బిగుసుకున్న వేళ ఒక పుస్తకంలో రాయండి. మాంసకృత్తులు ఎక్కువున్న భోజనంతో కలిపి వేసుకుంటే కొందరిలో ఆ మందు సరిగా పనిచేయదు కాబట్టి, భోజనం వేళ కూడా రాయండి.

తరంగం:
క్లినిక్ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకూడని సందర్భాలు కూడా ఈ చర్చలో ఉండాలి. మూతి వంకర పోవడం, ఒక వైపు చెయ్యి పడిపోవడం, మాట తడబడటం హఠాత్తుగా మొదలైతే అది పక్షవాతం కావచ్చు, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. మెదడు రక్తనాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా 4.5 గంటలలోపే ఇస్తారు కాబట్టి, రోగి చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడో చెప్పగలిగిన మనిషి వెంట వెళ్లాలి. ఐదు నిమిషాలు దాటినా ఆగని ఫిట్, జీవితంలో ఎన్నడూ లేనంత తీవ్రంగా ఒక్కసారిగా వచ్చిన తలనొప్పి, మయస్థీనియా ఉన్నవారికి మింగడమో ఊపిరి తీయడమో కష్టమవడం కూడా అంతే. కాళ్లలో మొదలై రోజుల వ్యవధిలో పైకి పాకే బలహీనత గియాన్ బారే సిండ్రోమ్ (రోగనిరోధక శక్తే నరాలపై దాడి చేసే జబ్బు) కావచ్చు. అది ఊపిరి తీసే కండరాలదాకా వెళ్లగలదు కాబట్టి, నడవగలుగుతున్నప్పుడే ఆసుపత్రిలో చేర్చాలి.